నాలుగిళ్ళ అవతలి కంప్యూటరు

వేలిముద్ర యంత్రం మూడోసారి కూడా కాదంది. కాటమరాజు బొటనవేలిని చొక్కాకు తుడిచి, నోటి ఆవిరి తగిలించి, మళ్ళీ నొక్కాడు. ఈసారి పచ్చదీపం వెలిగింది. టైము ఏడూ యాభై ఎనిమిది. ఎనిమిది దాటితే సగం రోజు సెలవు రాసేసేవాళ్ళు. పుల్లలచెరువులో మొదటి బస్సెక్కి, రెండు గంటలు కుదుపులు తిని మార్కాపురం చేరిన మనిషికి దక్కే మర్యాద అది.

గోడ పట్టుకుని కుర్చీ దాకా నడిచాడు. నలభై మూడేళ్ళకే నడుము ముందుకు వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. చిన్నప్పటినుంచి తాగిన ఫ్లోరైడు నీళ్ళ పుణ్యం. మోకాళ్ళు బిగుసుకున్నాక గొర్రెల వెంట తమ్ముడు పోతున్నాడు. కూర్చుని చేసే పని కనక, ఇతనికి ఈ పాల సంఘం కొలువు మిగిలింది.

పని మాత్రం బాగా వచ్చు. పద్నాలుగు పాల కేంద్రాల్లో, ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటర్లలో, డబ్బు పెట్టి కొనక్కర్లేని లినక్స్ ఎక్కించింది అతనే. ప్రతిదాంట్లో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి, ఇక్కడి కుర్చీలోంచే అక్కడి తెర కనబడేలా చేశాడు. మొదట్లో కేంద్రంవాళ్ళు వాడే లాగిన్ పేరుతోనే లోపలికి వెళ్తే నల్లటి తెర తప్ప ఏమీ వచ్చేది కాదు. రెండు వారాలు దాంతో కుస్తీ పట్టి, ప్రతి కంప్యూటర్లో తనకంటూ వేరే పేరు పెట్టుకున్నాడు.

ఫోను మోగింది. పుల్లలచెరువు కేంద్రంలో పాలు కొలిచే ఎల్లమ్మ.

"అన్నా, చీటీ రావట్లేదు. జనం క్యాన్లు పెట్టుకోని నిలబడినారు."

"ఉండు, వస్తాండా."

తెర మీదే వెళ్ళాడు. ప్రింటరు వరుసలో ఇరుక్కున్న పాత చీటీలు తీసేశాడు. రెండు నిమిషాల పని. ఆ కేంద్రం అతని ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. ఇంటి పక్క కంప్యూటరును బాగుచేయడానికి రెండు గంటల దూరం వచ్చి కూర్చోవాలట! ఇదెక్కడి న్యాయమని ఎవరినడగాలి?

అడగాల్సిన మేనేజరు సంజీవరావును రెండుసార్లు అడిగాడు. హాజరు పుల్లలచెరువులోనే వేయించుకుంటానని కాగితం పెట్టాడు. బస్సు ప్రయాణం మానకపోతే మంచాన పడతాడని డాక్టరు రాసిచ్చిన చీటీ జత చేశాడు. పదకొండింటికి మూడో కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు.

"నువ్వు కళ్ళెదుట లేకపోతే పని చేస్తున్నావని నాకెలా తెలుస్తుందయ్యా?" సంజీవరావు కాగితం బోర్లించాడు. "సరేగానీ, ఈ కంప్యూటరు నా లాప్‌టాప్‌లో కనబడేలా చేసిపెట్టు. శుక్రవారాలు గుంటూరులో ఇంటి నుంచే చూసుకుంటా. కారులో వచ్చినా నడుము పట్టేస్తోంది."

కాటమరాజుకు ఒళ్ళు మండిపోయింది. అయినా లాప్‌టాప్ తీసుకున్నాడు. పని చెడగొట్టడం అతనికి చేతకాదు. పేరు, పాస్‌వర్డు అన్నీ సరిచూసి, రెండుసార్లు లోపలికి వెళ్ళివచ్చి, తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"భేష్. శుక్రవారం నేను రాను, నువ్వు చూసుకో."

"నేనూ రాను సార్. రేపటినుంచి."

"ఏమిటా మాట?"

"మీ నడుముకొస్తే నొప్పి, నా నడుముకొస్తే సాకా సార్?"

సంజీవరావు మొహం ఎర్రబడింది. "ఈ ఒంటితో నీకింకెవరిస్తారు పని?" అన్నాడు. అది నిజమే. నిజమని తెలిసే కాటమరాజు బయటికొచ్చాడు.

మిగతా పూటంతా కేంద్రం తరవాత కేంద్రంలోకి వెళ్ళి, తన తరవాత వచ్చేవాడికి కొత్త పేరు పెట్టి, తన పేరు తీసేశాడు. పాస్‌వర్డులన్నీ కాగితం మీద గుండ్రంగా రాసిపెట్టాడు. పుల్లలచెరువును చివరికి ఉంచుకున్నాడు. తీసేముందు ఎల్లమ్మకు ఫోనులో సంగతి చెప్పాడు.

"మరి చెడిపోతే ఎవర్ని పిలవాలన్నా?"

"నన్నే పిలువు. నడిచొస్తా. నాలుగిండ్లే గదా."

సాయంత్రం వేలిముద్ర వేయకుండానే గడప దాటాడు.

మర్నాడు మొదటి బస్సు పుల్లలచెరువులో ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగింది. కండక్టరు శ్యాంసన్ దిగి, మెట్టు కింద చెక్కపీట వేసి, రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. బస్సు మెట్టు అందక కాటమరాజు అవస్థ పడటం చూసి, ఏ కాగితమూ అడక్కుండా, తనే వడ్రంగి చేత చేయించిన పీట అది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. శ్యాంసన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. పీట రోడ్డు పక్కన అలాగే ఉండిపోయింది.