కరపత్రాలు కూరిన తుపాకి

అరవై తొమ్మిదిలో ఊరూరా జై తెలంగాణ అంటుంటే, టేకుమట్ల భద్రయ్య మాత్రం తన బర్మార్ తుపాకికి తప్ప దేనికీ జై కొట్టలేదు. గొట్టంలో మందూ సీసపు రవ్వలూ పోసి, కొబ్బరి పీచు కూరి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి అది. తండ్రి పోతూ పోతూ చేతిలో పెట్టింది. రోజూ దాన్ని తుడవనిదే భద్రయ్యకు ముద్ద దిగదు.

గొడవలు ముదురుతున్నాయని, లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పమని హుకుం వచ్చింది. అయితే కోస్తా నుంచి కొత్తగా వచ్చిన అమీన్ సాబుకు, అంటే ఎస్సైకి, నీటిబాతు కూరంటే ప్రాణం.

"రెండు బాతులు కొట్టిపెట్టవయ్యా. నీ తుపాకి నీ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడాయన.

తీరా తెల్లారి చెరువుకు బయల్దేరేసరికి ఇంట్లో పీచు లేదు. బందులతో అంగళ్ళు మూతబడి, కొబ్బరికాయ మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

"గీ కాయితాలు కూరరాదయ్యా" అంటూ భార్య సత్తమ్మ, ఊరేగింపు వాళ్ళు గడపలో వేసిపోయిన కరపత్రాలు దోసెడు తెచ్చిచ్చింది.

"కాలిపోయేదానికి ఏ కాయితమైతేంది" అన్నాడు భద్రయ్య.

చెరువు కట్ట కింద పొదలో అమీన్ కూడా భద్రయ్య పక్కనే నక్కి కూర్చున్నాడు. బాతుల గుంపు నీళ్ళ మీద వాలింది. భద్రయ్య పేల్చాడు. మంచుకు చెమ్మగిల్లిన మందు సగమే అంటుకుంది. రవ్వలు ఎదుటి నీళ్ళలోనే పడ్డాయి, బాతులు క్షేమంగా లేచిపోయాయి, కాలని కరపత్రాలు మాత్రం పొగతోపాటు పైకెగిరి తాపీగా దిగాయి. ఒకటి అమీన్ టోపీ మీద వాలింది. ఆయన దాన్ని తీసి పైకే చదివాడు.

"జై తెలంగాణ."

"జై" అన్నాడు భద్రయ్య, ఏమనాలో తోచక.

కేసు రాస్తే, బందోబస్తు వదిలి బాతుల వేటకెందుకు పోయావని పైవాళ్ళు అడుగుతారు. అందుకని అమీన్ కేసూ రాయలేదు, రసీదూ ఇవ్వలేదు. తుపాకి మాత్రం పట్టుకుపోయాడు. భద్రయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. తండ్రి మళ్ళీ పోయినట్టు ఏడ్చాడు.

మర్నాడు ఠాణా ముందు నుంచి ఊరేగింపు పోతుంటే, ఎన్నడూ రానివాడు ముందు వరసలో నిలబడ్డాడు. అందరూ జై తెలంగాణ అన్నాక గొంతు చించుకుని అరిచాడు.

"తుపాకి ఇయ్యాలె!"

పక్కనున్నవాళ్ళు తెల్లబోయారు. న్యాయంగానే తోచిందేమో, అంతా ఒక్క గొంతుతో అందుకున్నారు: "ఇయ్యాలె! తుపాకి ఇయ్యాలె!"

ఠాణా తలుపులు మూసుకున్నాయి. కాసేపటికి కిటికీలోంచి తుపాకి గొట్టం బయటికొచ్చింది. జనం పరుగు లంకించుకున్నారు. భద్రయ్య కదల్లేదు. ఆ గొట్టానికున్న ఇత్తడి పట్టీ తన తండ్రి వేయించిందే.

"తీసుకుని పోవయ్యా, నీకు పుణ్యముంటుంది" అంది లోపలి నుంచి అమీన్ గొంతు.

భద్రయ్య తుపాకిని పొదివి పట్టుకుని ఖాళీ బజారు వెంట నడిచాడు. మలుపు దాటాక, వినేవాళ్ళెవరూ లేకపోయినా, "జై తెలంగాణ" అన్నాడు. ఈసారి మనసారా అన్నాడు.