ఒకటో మెట్టు

"గడచిన రెండు వారాల్లో మీ మనసు తేలికగా ఉన్న రోజులు ఎన్ని? అన్ని రోజులూ, చాలా రోజులు, సగం రోజులు, కొన్ని రోజులు, ఒక్కరోజూ లేదు."

హేమావతి ఈ వాక్యాన్ని రెండోసారి చదివింది. మొదటిసారి ఎంత నిదానంగా చదివిందో అంతే నిదానంగా, అదే గొంతుతో. ఎదురుగా ఆంజినమ్మ కాళ్లు చాపుకుని రాతిమీద చింతకాయలు కొడుతోంది. ఒక్కో దెబ్బకు ఒక్కో గింజ ఎగిరి అవతల పడుతోంది.

"సగం దినాలంటే ఏ సగం మా?" అంది ఆంజినమ్మ. "పగలంతా బాగుంటాది. పొద్దు మునిగితే మోకాళ్లు లాగుతాయి. అప్పుడు మనసూ లేదు, ఏమీ లేదు."

"నీకేది సరి అనిపిస్తే అది చెప్పక్కా."

"నువ్వైతే ఏది రాస్తావు?"

"నేను చెప్పకూడదు."

ఆంజినమ్మ ఇంకో కాయ కొట్టి, పెంకు ఊది, ఇంటి చూరు వైపు కాసేపు చూసింది. "సగమే వేసుకో. దినంలో సగం. తప్పేముండాది?"

హేమావతి చేతిలోని టాబ్లెట్ మీద మూడో గడి నొక్కింది. నవ్వొచ్చింది గానీ రానివ్వలేదు. అడిగేవాళ్ల ముఖం చూసి చెప్పేవాళ్లు మాట మార్చుకుంటారని, అందుకే ముఖంలో ఏదీ కనిపించకూడదని శిక్షణలో చెప్పారు. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి. మూడుసార్ల దాకా చదవవచ్చు. వివరించకూడదు. ఎందుకని అడగకూడదు.

ఆమెకు నలభై ఏడేళ్లు. ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టింది. ఏడో ఏట నుంచి కండెలు చుట్టింది. పట్టుపోగు లాగీ లాగీ కుడి చూపుడువేలి మీద సన్నని గీత ఒకటి పడిపోయింది. ఆ వేలితోనే ఇప్పుడు గడులు నొక్కుతుంది. పెళ్లయి రాప్తాడు వచ్చాక, ఇంటర్ చదివిన కోడలని ఎవరో పిలిచి ఊళ్లో మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో రాసుకురమ్మన్నారు. తర్వాత పోలియో చుక్కలు, ఎండిపోయిన బోర్లు, గొర్రెలు, బడి మానేసిన పిల్లలు. ఇరవై రెండేళ్లుగా ఎవరో ఒకరు చేతికి ఒక జాబితా ఇస్తూనే ఉన్నారు, ఆమె ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. భర్త దేవేంద్ర లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. మంచివాడే, మాట తక్కువ. సాయంత్రం వచ్చి "తిన్యావా?" అంటాడు. "తిన్యా" అంటుంది. రోజు మొత్తంలో ఆమెను ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే.

మరుగుదొడ్లు లెక్కపెట్టడంలో చిక్కేమీ లేదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఈ ఏడాది వచ్చిన పని అట్లాంటిది కాదు. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ వాళ్లు నాలుగు మండలాల్లో యాభై దాటిన పన్నెండు వందల మందిని ఎంచుకున్నారు. మూడు నెలలకొకసారి అవే ప్రశ్నలు అడిగించి, బీపీ, షుగరు చూపిస్తారు. మనసు బాగున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారా, లేదా అన్నది వాళ్లకు తేలాలి. అందులో సగం మంది హేమావతి వంతు.

బాగున్నారా అంటే ఎవరైనా బాగున్నామనే అంటారు. అదే మాటను ఐదు ముక్కలు చేసి ముందు పెడితే మాత్రం మనిషి ఆగుతాడు. ఒకరు చూరు చూస్తారు, ఒకరు తమ పాదాలు చూసుకుంటారు, ఒకావిడ ఎప్పుడూ తలుపు గడియ చూస్తుంది. ఆ చూపు ఎక్కడికి పోయి వస్తుందన్నది హేమావతికి ఎంత చూసినా తనివి తీరని సంగతి.

చివరి ప్రశ్నకు ఒక అట్ట ఉంది. దానిమీద నిచ్చెన బొమ్మ. కింద సున్నా, పైన పది. "ఈ నిచ్చెన మీ జీవితం అనుకోండి. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో వేలు పెట్టి చూపండి." పైమెట్టు మంచిదని చెప్పే వాక్యం మొదట ఇంకొకటి ఉండేది. మరీ పొడుగవుతోందని తీసేశారు. ఆ మాత్రం ఎవరికి తెలియదు అనుకున్నారు.

ఆంజినమ్మ ఆరో మెట్టు చూపించి మళ్లీ రాయి ఎత్తింది.

బయటికి రాగానే ఫోన్ మోగింది. అనంతపురం ఆఫీసు నుంచి శశి. హేమావతి తెచ్చే జవాబులన్నీ కంప్యూటర్లో చూసే కుర్రాడు, పేరుకు ఆమె పై అధికారి.

"అక్కా, గుట్టకిందపల్లి పాపన్నకు ఎర్రజెండా పడింది. ఒకటో మెట్టు. ఈరోజే పోయి చూసి రావాల."

సున్నా గానీ ఒకటి గానీ చూపిన మనిషిని వారంలోగా మళ్లీ కలవాలన్నది నియమం. ఒంటరిగా ఉన్నాడా, బతుకు మీద విరక్తి ఏమైనా ఉందా కనుక్కోవాలి. డాక్టరు నంబరు ఇచ్చి రావాలి. హేమావతికి పాపన్న గుర్తున్నాడు. మిగిలిన ప్రశ్నలన్నిటికీ "అన్ని దినాలూ" అన్నాడు. నిచ్చెన దగ్గర కూడా తడుముకోలేదు, ఒకటి మీద టక్కున వేలు పెట్టాడు. అప్పుడే ఏదో సరిపడలేదనిపించింది. కానీ అడగకూడదు గదా.

కొత్తచెరువు బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచింది. మాఘమాసం ఎండ అప్పుడే సుర్రుమంటోంది. పాపన్న ఇంటి ముందు బండమీద కూర్చుని కిత్తనార తాడు పేనుతున్నాడు. డెబ్బై నాలుగేళ్లు. కుడి భుజం ఎడమదానికన్నా రెండువేళ్లు కిందికి దిగి ఉంటుంది. అరచేతులు గుర్రపు డెక్కల్లా గట్టిపడిపోయాయి. గోళ్లలో మాత్రం మట్టి లేదు, తెల్లగా ఉన్నాయి. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసిన కూతురు గంగాదేవి లోపల చేటలో బియ్యం చెరుగుతోంది.

"మళ్లీ వచ్చినావే మా. పోయిన వారం అడిగింది సాలలేదా?"

హేమావతి నేలమీద, అతనికన్నా కొంచెం కింద కూర్చుంది. నియమం ప్రకారం అడిగింది. నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? బతకడం దేనికని ఎప్పుడైనా అనిపించిందా?

పాపన్న చేతులు ఆగిపోయాయి. "ఎవురన్నా ఏమన్నా చెప్పినారా నా గురించి?"

"లేదు పెద్దాయనా. నువ్వు ఒకటో మెట్టు చూపించినావు. అందుకని పంపించినారు."

"చూపించినా. దానికేమి?"

ఇక్కడ ఆగిపోవాలి. డాక్టరు నంబరు ఇచ్చి లేవాలి. హేమావతి లేవలేదు. ఇరవై రెండేళ్లలో అడగని మాట అడిగింది.

"ఆడెందుకు పెట్టినావు పెద్దాయనా, వేలు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు పాపన్న. "నిచ్చెన దేనికమ్మా? బాయిలోకి దిగేదానికి. నలభై ఒక్క బాయిలు తవ్వినా నేను. పైమెట్టు కాడ ఏముంటాది? ఎండ, దుమ్ము. దిగేకొద్దీ చల్లగుంటాది. ఒకటో మెట్టు కాడికి దిగి కాలు పెడితే తడి తగులుతాది చూడు, ఆ తడి కోసమే గదా ఆర్నెల్లు రాయి కొట్టేది. నేనిప్పుడు ఆడుండా."

హేమావతి సంచిలోంచి అట్ట తీసి చూసుకుంది. ఇన్నాళ్లూ ఆ బొమ్మను చూస్తే ఇంటి గోడకు ఆనించిన నిచ్చెనే కనబడేది. బొమ్మలో గోడ లేదు. నేల లేదు. అది దేనికి ఆనించి ఉందో గీసినవాళ్లు గీయలేదు.

పాపన్న చెబుతూ పోయాడు. వంకకు అవతల ఒక చేనులో ముప్పై ఏళ్ల కింద ముప్పై ఎనిమిది అడుగులు తవ్వాడు. నీళ్లు పడలేదు. చేనుగల ఆసామి వదిలేశాడు. 'పాపన్న గుంత' అని ఊరంతా ఎగతాళి చేసింది. చెత్త వేశారు. పోయిన ఏడు వానలకు ఆ గుంతలో నీళ్లు ఊరాయి, ఊరినవి ఇంకా ఇంకలేదు.

"ముప్పైయేండ్లు ఆలస్యంగా వచ్చినాయి, అంతే. తెల్లార్తానే పోయి నాలుగు మెట్లు దిగి, కాళ్లు పెట్టి వస్తాండా."

"మరి సున్నా ఎందుకు చూపించలేదు?"

"అది నీళ్లలోపల ఉండాది గదమ్మా. దానిమీద నిలబడితే మునుగుతాం. ఆ దినమూ వస్తాది, ఇప్పుడేం తొందర?" అని, అట్ట తన చేతిలోకి తీసుకుని ఆమె ముందు పట్టాడు. "నువ్వు యాడుండావు?"

"నేను చెప్పకూడదు పెద్దాయనా. రూలు."

"రూలు నువ్వడిగేటప్పుడు. ఇప్పుడు అడిగేది నేను."

శిక్షణలో ఒకరినొకరు అడిగి నేర్చుకునేటప్పుడు హేమావతి ఎప్పుడూ ఐదు అనేది. పని జరగడానికి ఏదో ఒకటి అనాలి గదా. ఇప్పుడు వేలు అట్టమీదికి పోయింది గానీ, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తన చూపు కూడా ఎక్కడికో పోతోందని ఆమెకు తెలిసింది. పాపన్న పేనుతున్న తాడు కొసకు పోయి, అక్కడే నిలబడింది. చివరికి నాలుగు మీద పెట్టింది.

"ఎక్కుతాండావా, దిగుతాండావా?" అన్నాడు పాపన్న.

ఆ ప్రశ్న ఎవరూ రాసి ఇవ్వలేదు. "తెలీదు. నిలబడుండా," అంది.

"అదీ పనే. కిందోడు మన్ను తట్ట ఎత్తిస్తే పైనోనికి అందియ్యాలంటే నడిమిన ఒకరు నిలబడాల. వాని నడుమే ముందు పోతాది."

గంగాదేవి తెచ్చిన అంబలి తాగి హేమావతి లేచింది. డాక్టరు నంబరున్న చీటీ నియమం ప్రకారం ఇచ్చింది. పాపన్న దాన్ని మడిచి జాగ్రత్తగా చెవి సందులో దోపుకున్నాడు.

బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆ వీధిలో తాను ఇదివరకు అడిగినవాళ్లు ఇంకా నలుగురున్నారు. హేమావతి నాలుగు ఇళ్లకూ పోయింది. ఓబమ్మ ఎనిమిది ఎందుకన్నదో అడిగితే, "మిద్దె ఎక్కితే గాలి తగులుతాది" అంది. ఇంకో ఇద్దరూ పైమెట్టే మంచిదన్నారు. పాపన్నతో కలిసి పనిచేసిన ఓబులేసు మాత్రం రెండో మెట్టు మీద వేలు పెట్టి, "నీళ్లకు ఇంకొక మెట్టుండాది" అన్నాడు. అతనిది రెండు గనుక జెండా పడలేదు. కంప్యూటరు ఏమీ అనుకోలేదు.

బస్టాపు నుంచి శశికి ఫోన్ చేసింది. అంతా విని అతను నిట్టూర్చాడు.

"అక్కా, ఆయన బాగుండాడు గదా. జెండా తీసేస్తా, వదిలేయండి. ఇదంతా రాస్తే ఆరువందల మంది జవాబులు మళ్లీ చూడమంటారు. అడిగింది మీరు. మీరు సరిగ్గా అడగలేదంటారు. వచ్చే ఏడాది మిమ్మల్ని పెట్టుకోవద్దంటే నేనేం చేయలేను."

"నేను రాసినట్లే అడిగినా సార్."

"నాకు తెలుసు. పైవాళ్లకు తెలియాల గదా."

ఫోన్ పెట్టేసి ఆమె టాబ్లెట్ తెరిచింది. అభిప్రాయం రాసే చోట రెండు వందల అక్షరాలకు మించి పట్టవు. బస్సు వచ్చింది. సీటు దొరికింది. చెరిపి చెరిపి, ధర్మవరం వచ్చేదాకా రాసింది: 'ఇతని ఒకటి మంచి ఒకటి. ఇతని నిచ్చెన బావిలోది. ఇంకొకరిదీ అంతే. ఎందరిదో తెలియదు. నేను ఎందుకని అడిగాను, అది నా తప్పు. దయచేసి ఫోన్ చేయండి.' గీతపడిన వేలితో పంపే గడి నొక్కింది.

ఇంట్లో దేవేంద్ర అప్పుడే స్నానం చేసి కూర్చున్నాడు. "తిన్యావా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పకుండా అట్ట తీసి అతని ముందు పెట్టింది. "నువ్వు యాడుండావు దీంట్లో?"

దేవేంద్ర అట్టను దీపం దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎడమ పక్క కడ్డీ వంకరుండాది," అన్నాడు. "దీనిమీద ఎవురూ నిలబడలేరు." హేమావతి పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో అతనికి అర్థం కాలేదు గానీ, ఆ రాత్రి అన్నం తినేటప్పుడు, ఎవరిని ఏమడిగావని మొదటిసారి అడిగాడు.

పదిరోజుల తర్వాత బెంగళూరు నుంచి ఆ పరిశోధన చేస్తున్న డాక్టరు అరుణజ్యోతి స్వయంగా ఫోన్ చేసింది. అరగంట మాట్లాడింది. తిట్టలేదు. పాపన్న మాటలు ఉన్నవున్నట్టు రెండుసార్లు చెప్పించుకుంది. వచ్చే విడతకు, పైమెట్టు మంచిదని చెప్పే వాక్యాన్ని మళ్లీ చేర్చారు. పాత జవాబులు మాత్రం మార్చడానికి లేదంది. "నచ్చనివి దిద్దుకుంటూ పోతే ఇక అడగడమెందుకమ్మా?" అంది. అదీ న్యాయమేననిపించింది హేమావతికి.

వైశాఖంలో రెండో విడత మొదలైంది. జాబితాలో పాపన్న పేరు వచ్చిన రోజు ఆమె కొత్త అట్ట సంచిలో పైనే పెట్టుకుని బయలుదేరింది. ఈ వాక్యం విని ఏమంటాడో వినాలని ఉంది.

బండమీద ఎవరూ లేరు. గంగాదేవి వచ్చి ఇంటి గడపలో నిలబడింది.

"నాయన పోయి పందొమ్మిది దినాలాయ అక్కా," అంది. "తెల్లార్తానే బాయి కాడికి పోయి వచ్చినాడు. కాళ్లు ఇంకా తడిగానే ఉండినాయి. కాఫీ తెమ్మని బండమీద పండుకున్నాడు. తెచ్చేలోపల..."

హేమావతి ఆమెను కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుంది. కొంతసేపయ్యాక టాబ్లెట్ తెరవక తప్పలేదు. 'మరణించారు' అన్న చోట నొక్కితే తేదీ అడిగింది, కారణం అడిగింది. రెండూ ఇవ్వగానే పాపన్న పేరు మీద ఉన్న ప్రశ్నలన్నీ వాటంతటవే మూసుకుపోయాయి. ఇక ఆ లెక్కల్లో మిగిలేది రెండే సంగతులు: అట్టడుగు మెట్టు మీద ఉన్నానన్నాడు, మూడు నెలలు నిండకముందే పోయాడు. చదివినవాళ్లు ఆ రెండిటినీ ఎట్లా కలుపుకుంటారో ఆమెకు తెలుసు.

"ఏం రాసినావక్కా?"

"పోయినాడని రాసినా."

"బాగ బతికినాడని గూడా రాయి."

"ఆ మాట ఇది తీసుకోదు గంగా. నాకు తెలుసు. బెంగళూరు డాక్టరమ్మకూ చెప్తా, ఈ దినమే."

గంగాదేవి తల ఊపి నీళ్లు తేవడానికి లోపలికి పోయింది. తలుపు పక్కన గోడకు పాపన్న గడ్డపార ఆనించి ఉంది. కొన్న రోజున మనిషి ఎత్తు ఉండేదట. రాతికి అరిగి, కమ్మరి దగ్గర మొన సాగగొట్టించుకుని, మళ్లీ అరిగి, ఇప్పుడు మోకాలి ఎత్తుకు దిగింది. చెయ్యి పట్టిన చోట మాత్రం నల్లగా, నున్నగా, ఎండలో తళతళలాడుతోంది.