ఇస్త్రీ వదిన చూపుడువేలు

ఇస్త్రీ కొట్టు వదిన చేతికి ఎంత మొండి ముడతైనా లొంగాల్సిందే, ఆవిడ నుదుటి మీది ముడత ఒక్కటి తప్ప. అది ఈ వారమే పడింది. వీధి చివరి హోటల్ వాళ్లు ఇకమీదట దుప్పట్ల పని ఫోన్లోనే పంపుతామన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగుతుంది. వెంటనే అందులోనే ఒప్పుకోవాలి. ఆలస్యమైతే పని పక్కవీధి లాండ్రీకి పోతుంది. కొట్టు నడిచేదే ఆ దుప్పట్ల మీద.

అందుకే ఆ ఆదివారం ఆడపడుచుని వెంటబెట్టుకుని, గ్రంథాలయం హాల్లో ఆడవాళ్లకి పెట్టిన ఫోను పాఠాలకి వెళ్లింది. ఆడపడుచుది బొత్తాల కొట్టు. "ఫోన్లో ఉన్నవీ బొత్తాలే కదా వదినా! కుట్టక్కర్లేదు, నొక్కితే చాలు" అని ధైర్యం చెప్పింది.

పాఠం చెప్పేది టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన పెద్దావిడ. ఎవరికీ పిన్ చెప్పొద్దని కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది గనక ఆవిడకి పిన్ పిన్ని అని పేరు పడింది.

"ఈ గడియారం బొమ్మని ముట్టుకో అమ్మా" అంది పిన్ని.

వదినది ముట్టుకునే వేలా? ఏళ్ల తరబడి కాలర్లని అణిచిన వేలు. బొమ్మ మీద ఆనించి, భుజం బరువంతా దించి, అలాగే ఉంచింది. తెర మీది బొమ్మలన్నీ గజగజ వణికాయి. బెదిరిపోయి మళ్లీ అణిచింది. గడియారం బొమ్మ మాయం!

"చంపేశానా పిన్నిగారూ?"

"చావలేదులే, చాటుకి పోయింది. అలా నొక్కి పట్టుకోకూడదు. అంటీ అంటనట్టు తాకాలి."

"అంటకపోతే ముడతెలా పోతుందండీ?"

హాలంతా గొల్లుమంది. ఆడపడుచు నవ్వాపుకుని, "వదినా, ఇస్త్రీపెట్టె కాగిందో లేదో ఎలా చూస్తావ్?" అనడిగింది.

"తడివేలితో చుయ్‌మని."

"ఫోనూ కాగిందనుకో మరి!"

అంతే. వేలు చుయ్‌మని తాకడం, చటుక్కున వెనక్కి రావడం. అడిగిన ప్రతి తెరా తెరుచుకుంది. చాటుకి పోయిన గడియారమూ తిరిగొచ్చింది. వదిన పక్క కుర్చీలోని అవ్వక్కూడా చుయ్ నేర్పడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. హోటల్ పని! తెర మీద ఆకుపచ్చ బొత్తాం, దాని చుట్టూ తరిగిపోతున్న గీత. వదిన చుయ్‌మంది. కదల్లేదు. చుయ్, చుయ్! ఊహూ. పిన్ని చూస్తే హాలు ఆ చివర, ఎవరిదో పాట ఆగని ఫోనుతో కుస్తీ పడుతోంది.

"పోతున్నాయే! దుప్పట్లు పక్కవీధికి పోతున్నాయే!"

"బొత్తాం కింద ఏదో రాసుంది చూడు వదినా!"

వదిన కళ్లు చికిలించి కూడబలుక్కుంది. "నొక్కి... పట్టుకోండి."

"పిన్నిగారు వద్దన్నారుగా?" అంది ఆడపడుచు.

"ఆవిడ వద్దంది, వీళ్లు పట్టమంటున్నారు. దుప్పట్లు వీళ్లవి!" అంటూ వదిన వేలానించి, మొండి కాలరు మీద దించినట్టు భుజం బరువు దించింది. ఊపిరి కూడా బిగబట్టింది. టింగ్! 'పని మీదే. దుప్పట్లు సాయంత్రం వస్తాయి.'

పిన్ని పరుగున వచ్చింది. "మళ్లీ ఏం వణికిందమ్మా?"

"ఈసారి వణికింది నేనేనండీ" అని వదిన ఫోను చూపించింది.

చదివి పిన్ని పకపకా నవ్వింది. "తప్పు నాదే. కొన్నిటిని తాకాలి, కొన్నిటిని పట్టాలి. రెండో సగం నేను చెప్పందే నువ్వు పరీక్ష రాసేశావ్! ఏదీ, అందరూ ఈవిడలా నొక్కి పట్టండి చూద్దాం."

అందరూ పట్టారు. ఆ పూట హాల్లో బొమ్మలు వణకని ఫోను లేదు. వదిన నుదుటి మీది ముడత మాత్రం, పెట్టె తగలకుండానే, చక్కగా సాపైపోయింది.