డొల్ల మోగిన ఎర్ర కారు

అస్గర్ సాబ్ ఇంట్లో ఎర్ర కారు అమ్మకానికి ఉందని మన్సూర్ చెప్పాడు. అంత మంచి బండి రామగుండంలో మూడేళ్లుగా రేకుల షెడ్డులో పడి ఉంటే ఇంతవరకు ఎవడూ ఎందుకు కొనలేదన్నదే నా మనసులో మెదిలింది.

మన్సూర్‌దీ నాదీ ఒకే ఊరు, ఒకే బడి. నాకన్నా రెండేళ్లు చిన్న. నేను గనిలో చేరాను, అతను గోదావరిఖనిలో లారీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. కిందటి ఎండాకాలం అతని నడుము పాడైంది. లారీ కింద పడుకుంటే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఈ పని మానకపోతే కాళ్లు కూడా పోతాయని దవాఖానలో చెప్పారు. మానేసి ఏం తినాలని అడిగితే డాక్టరు తరువాతి మనిషిని పిలిచాడట.

అందుకే అతని కన్ను ఆ కారు మీద పడింది. దానికి పైన గుడ్డ కప్పు. మడిచేస్తే బండి మొత్తం తెరిచినట్టే. పెళ్లికొడుకును, పెళ్లికూతురును వెనక గద్దె మీద కూర్చోబెడితే బరాత్ ఊరేగింపులో అందరికీ కనబడతారు. గోదావరిఖనిలో బరాత్‌కు దొరికేవి అంబాసిడర్లే. పూలదండల సందున పెళ్లికూతురు ముక్కు మాత్రం కనబడుతుంది. కిరాయికి తిప్పితే పెళ్లిళ్ల కాలమంతా పని ఉంటుందని, కూర్చుని చేసే పని నడుము ఓర్చుకుంటుందని అతని ఆశ. సగం అతను పెడతాడు. మిగతా సగానికి నేను పి.ఎఫ్.లో నుంచి తీయాలి.

ఆదివారం బస్సెక్కి పోయాం.

అస్గర్ సాబ్ బొగ్గు లారీల కాంట్రాక్టరు. కరెంటు కేంద్రం కట్టేటప్పుడు మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన పోతూ పోతూ ఆ కారు ఈయనకు అమ్మాడు. నాలుగు నెలలు తిప్పాడో లేదో అస్గర్ సాబ్ గుండె ఆగి పోయాడు. ఇప్పుడు బేరం ఆయన భార్య ఫక్రున్నీసాదే. తాళంచెవి చీర కొంగుకు ముడి వేసుకుంది. కాగితాలు బిస్కట్ డబ్బాలో నుంచి తీసి చూపించింది గాని చేతికివ్వలేదు.

షెడ్డు తలుపు తీస్తే కారు నేలకు అతుక్కున్నట్టు ఉంది. దాని తలుపు నా నడుము దాకా కూడా రాదు. ముందు ముక్కు మీద రెండు చిన్న రంధ్రాలున్నాయి. అక్కడ కంపెనీ బొమ్మ ఉండేదట, హైదరాబాదు నుంచి చూడడానికి వచ్చిన బేరగాడు ఒకడు ఊడదీసుకుని పోయాడట. ఆమె అట్లా చెప్పింది. గుద్దుకుంటే కూడా బొమ్మలు ఊడతాయి. బండి మీద మూడేళ్ల దుమ్ము ఉంది, కింద నేల మీద నూనె మరక మాత్రం తాజాది. అది కూడా చూశాను.

మన్సూర్, ఆమె ఉర్దూలో మాట్లాడుకున్నారు. ఇంట్లో వాళ్ల మాట అదే, అది నాకు కొత్త కాదు. గనిలో ఉండి నాకూ కొంత తెలుస్తుంది. కాని వాళ్లు గొంతు తగ్గించారు. ఆమె నా వైపు చూసి ఏదో అడిగింది. మన్సూర్ ఆమెను ఆపా, అంటే అక్కా అని పిలిచి చాలాసేపు చెప్పాడు. ఆమె తల ఊపి కొంచెం నవ్వింది. నన్ను చూసి నవ్వవలసింది ఏముందో నాకు అర్థం కాలేదు.

నాది గనిలో టింబర్‌మన్ పని. కప్పుకు కర్రలు నిలబెట్టే ముందు ఇనుప కడ్డీతో పైబండను కొట్టి చూస్తాను. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిచిన బండ డొల్ల మోగుతుంది. డొల్ల మోగితే దాని కింద మనిషి నిలబడకూడదు. పద్నాలుగేళ్లుగా నా చెవి చెప్పిన మాటే నేను విన్నాను.

ఆ కారు తలుపును వేలి ముడితో కొట్టాను. డొల్ల. ముందు భాగం కొట్టాను, వెనక కొట్టాను, చక్రాల మీది వంపులు కొట్టాను. అంతటా అదే చప్పుడు. తుప్పు పట్టిన రేకు మీద పుట్టీ మెత్తి రంగు వేస్తే అంబాసిడర్లు ఇట్లాగే మోగుతాయని చూపించింది మన్సూరే. కాని వాటిలో ఒకచోట మోగుతుంది, ఇంకోచోట మోగదు. ఈ బండిలో మంచి రేకు అరచేతి వెడల్పు కూడా లేదు.

నేను బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. మన్సూర్ వెనకాలే వచ్చాడు. బస్టాపు దాకా ఇద్దరం నడిచాం.

"అది ఫైబరు, కొమురెల్లన్నా," అన్నాడు. "రేకు కాదు. గట్లనే మోగుతది."

"రేకు లేని బండి ఉంటదా?"

"ఉంటది. కింద చాసీసు ఇనుముదే. నేను బండి కింద పండి సూసిన. ఇంజను ఆయిలు గూడ తీసి సూసిన."

"ఎప్పుడు పండినవ్?"

రెండుసార్లు వచ్చి పోయానని చెప్పాడు. నిన్న కూడా వచ్చాడట. నాకు చెప్పలేదు. నేల మీది నూనె మరక ఎక్కడిదో తెలిసింది. ఉర్దూ మాటలు, ఆ నవ్వు, ఈ మరక, అన్నీ ఒక దగ్గరికి వచ్చాయి.

"ఆమె నీకెంత ఇస్తనన్నది?" అని అడిగాను.

మన్సూర్ నా ముఖం వైపు చూసి మళ్లీ రోడ్డు వైపు చూశాడు. బస్సు వచ్చింది. నేను ఎక్కాను. అతను ఎక్కలేదు.

ఆ తరువాత నాలుగు నెలలు అతని షెడ్డు ముందు నుంచి నేను పోలేదు. డ్యూటీకి చుట్టు తిరిగి పోయేవాణ్ని.

ఒకరోజు రెండో షిఫ్టులో నేను, సదయ్య పక్కపక్కన పని చేస్తున్నాం. పైనుంచి గుప్పెడంత పెళ్ల రాలి అతని తల మీది గని టోపీకి తగిలి డొల్ల మోగింది. సదయ్యకు ఏమీ కాలేదు, టోపీ సర్దుకుని బీడీ తాగనివ్వని గనిని తిట్టుకుంటూ ఉన్నాడు. నేను మాత్రం చేతిలో కర్ర పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆ ఎర్ర కారు తలుపు మీద, ముందు భాగం మీద, చక్రాల వంపుల మీద నేను విన్న చప్పుడు అదే. నా తల మీది టోపీ తీసి వేలి ముడితో కొట్టాను. అదే.

షిఫ్టు దిగాక స్టోరులో అడిగాను, ఇది దేనితో చేస్తారని. ఫైబరు, ఇనుముకన్నా తేలిక, తుప్పు పట్టదు అని చెప్పి, ఇన్నేళ్లకు ఈ అనుమానం ఇప్పుడెందుకు వచ్చిందని నవ్వాడు స్టోరు ఆయన.

మరునాడు రామగుండం పోయాను. కారు ఉండిన షెడ్డులో కట్టెలు పేర్చి ఉన్నాయి. ఫక్రున్నీసా నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. వరంగల్ ఆయన ఒకరు పెళ్లిళ్లకు తిప్పుకుంటానని పోయిన నెలలో తీసుకుపోయాడని, బండి సుబ్బరంగా నడుస్తున్నదని చెప్పింది. నేను తిరగబోతుంటే ఆమే మళ్లీ మాట్లాడింది.

"ఆ రోజు మీరు ఒక్క మాట మాట్లాడలె. గీ మనిషిని ఎందుకు తెచ్చినవ్, మంచోడేనా అని మన్సూర్‌ని అడిగిన. అప్పుడు మన్సూర్, ఈయన బండ కొట్టి సూసి పొమ్మంటెనే నలబై మంది గనిలకు పోతరు ఆపా, ఈయన మంచిగుందంటె నేను కండ్లు మూసుకొని కొంట అన్నడు."

నేను బస్టాపుకు నడిచాను.

గోదావరిఖనికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మన్సూర్ షెడ్డు ముందు బొగ్గు లారీ ఒకటి జాకీ మీద నిలబడి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఎడమ కాలు మడమ నేలకు ఒత్తి ఒత్తి పెడుతున్నాడు. నొప్పి ఆపుకొనేవాడు పెట్టే తీరు అది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"మన్సూర్, అది ఫైబరే," అన్నాను.

లోపల పానా చప్పుడు ఆగింది.

"నేననంగ ఇనలె. ఎవలు చెప్పిన్రు?"

"నా టోపీ."

 తరువాత పానా మళ్లీ తిరగసాగింది. రెండు తిప్పులకు ఒకసారి ఆగుతున్నది.

"బయటికి రా," అన్నాను. "ఏది విప్పాల్నో చెప్పు. నేను లారీ కింద పంట."

"నీకేం తెలుసు లారీ పని?"

"తెల్వది. నువ్వు చెప్పు."

అతను మోచేతుల మీద జరుగుతూ జరుగుతూ వచ్చాడు. నేను చెయ్యి ఇచ్చాను గాని అతను పట్టుకోలేదు, లారీ చక్రం పట్టుకుని లేచాడు. పానా నా చేతిలో పెట్టలేదు, నేల మీద పెట్టాడు. నేను చొక్కా విప్పి, పానా తీసుకుని కింద కూర్చుంటుంటే అన్నాడు.

"జాకీ నేనే పెట్టిన. మంచిగ సూసుకో మల్ల."

నేను జాకీని కొట్టి చూడలేదు, దాని వైపు చూడనే లేదు. వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరిగాను.