బరువు చూసి కొన్న ఇన్వర్టర్

గంగులమ్మను చంపింది ఇన్వర్టరే, అందులో మారుమాట లేదు, మిద్దె మెట్లెక్కుతూ దామోదరం ఆ మాటే మళ్ళీ నమిలాడు, ముందు నడుస్తున్న ఈ పలమనేరు సోలార్ మెకానిక్ సుకుమార్ ఇన్వర్టర్ చెడ్డదని ఒక కాగితం రాసిస్తే చాలు, భార్య ఉసురు తీసిన అంగడివాణ్ణి వినియోగదారుల కోర్టుకు ఈడ్చడమే, ఏడాదిగా ఆ ఒక్క పనికే బతికినట్టుంది, అయినా సంతలో పొట్టేలును ఎత్తి చూసినట్టు అంగడిలో రెండు ఇన్వర్టర్లను ఎత్తి చూసి బరువున్నదే కొన్నాడు కదా, బరువున్నది ఎట్లా మోసం చేస్తుంది, కరెంటు పోయినా ఆమెకు ఉబ్బసం మందు ఆవిరి పట్టే మిషను ఆగకూడదనే కదా కొన్నది, ఎండాకాలమంతా ఆగలేదు కూడా, మరి మార్గశిరంలో కరెంటు పోయిన ఆ సాయంత్రం ఆవిరి మిషను రెండు నిమిషాలు గుర్రుమని ఎందుకు ఆగిపోయింది, అన్నా, ఇన్వర్టర్ విప్పి సూసినా, బంగారంగా ఉండాది, అంటున్నాడు సుకుమార్, వీడూ అంగడివాడి మనిషేనా, బంగారమైతే ఎందుకు ఆగిందప్పా, బ్యాటరీ నిండలేదన్నా, మిద్దె మీది రెండు సోలార్ ప్లేట్లూ ఒకే వరసలో కలిపినారు, ఒకదాని మీద నీడ పడితే రెండోదీ పడుకుంటాది, ఒక కాడికి కట్టిన ఎద్దుల మాదిరి, నీడ యాడిదప్పా, చుట్టుపక్కల చెట్టే లేదు గదా, ఉండాదన్నా, ఈడ సూడు.

చూశాడు, దక్షిణం వైపు ప్లేటు మీద చేతులు చాచిన నీడ, ఎవరిది, తను ఇటుపక్క నిలబడి ఉంటే అది అటుపక్క ఎట్లా, చొక్కా కాలరు కూడా తనదే, తలెత్తితే దక్షిణపు పిట్టగోడకు కట్టిన దిష్టిబొమ్మ, ప్లేట్లు బిగించిన మర్నాడు పక్కింటి మునిరత్నమ్మ, ఊరంతా చీకటైతే మీ ఇంట్లో పెండ్లి కళ గదన్నా, అని కళ్ళింత చేసినందుకు, తానే గడ్డి కూరి, తన పాత చొక్కా తొడిగి కట్టాడు, అచ్చం నీ మాదిరే ఉండాది, కాకుంటే దాని మొగాన కొంచెం నవ్వుండాది, అని గంగులమ్మ ఆయాసపడుతూ నవ్వింది, అప్పుడు చైత్రం, నీడ బొమ్మ కిందే ముడుచుకుని ఉండింది, చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలుతుందని, నీడ సాగుతుందని ముప్పై ఏళ్ళు సేద్యం చేసినవాడికి తెలియదా, తెలుసు, చేనుగట్టు మీద నీడ చూసి పొద్దు చెప్పేవాడు, మిద్దె మీద ఎందుకు చూడలేదు, అంగడివాడు చెప్పలేదే, చెప్పాడేమో, ప్లేట్ల దగ్గర ఏమీ పెట్టొద్దని, ఏమీ అంటే బొమ్మ కూడా అందులోకే వస్తుందా, కట్టింది ఎవరు, చొక్కా ఎవరిది, ఇంకెవరు.

కాగితంలో ఏం రాయల్లన్నా, అన్నాడు సుకుమార్, ఏమీ వద్దు, నువ్వు పో, అన్నాడు దామోదరం, కింద గోడ పక్కన మునిరత్నమ్మ కాచుకుని ఉంది, ఏమన్నా, ఇన్వర్టర్‌దే తప్పని తేలిందా, అతను ఆగకుండానే అన్నాడు, ఆ మాట ఇంక నా ముందర ఎత్తొద్దు, నేనూ ఎత్తను, సచ్చేదాకా.