ఐసు ఫ్యాక్టరీ గోల్‌కీపరు

ప్రొద్దుటూరు మల్లికార్జునయ్యకు ఐసు ఫ్యాక్టరీ ఉండె, బుద్ధి మాత్రం శానా తక్కువ ఉండె. చచ్చిపోయినోణ్ణి తిట్టకూడదంటారు గానీ, ఆయప్ప బతికున్నప్పుడు కూడా నేను ఈ మాటే అంటాంటిని, మొగం మీదనే.

యాభై ఏడో సంవత్సరం. ఆయప్ప ఏదో పేపర్లో చదివినాడంట, చలి దేశాల్లో గడ్డకట్టిన నీళ్ల మీద హాకీ ఆడతారని, ఆడేవోళ్లకు జీతాలిస్తారని. ఐసు మన దగ్గర ఉండనే ఉండాది, మనుషులకేం కరువని, మార్చి నెల మిట్టమధ్యాహ్నం యాభై గడ్డలు బండ్ల మీద తోలించి మైదానంలో పరిపించినాడు. హాకీ కట్టెలు పట్టుకోని, గోల్‌కీపరు నాతో కలిపి పదకొండు మందిమి దాని మీద నిలబడినాము. మొదటి విజిల్‌కు నీళ్లయింది, రెండో విజిల్‌కు బురదయింది. మేకలొచ్చి నాకినాయి. ఊళ్లో ఉండే పిల్లకాయలంతా ముక్కలెత్తుకోని పరిగెత్తినారు. మా కెప్టెన్ అమీర్ బాషా జారి కూలబడిన చోటు నుంచి లేవకుండానే చెప్పినాడు, "మామా, ఐసు వద్దు. జీతం మాత్రం ఉండనీ."

అట్ల నేల మీదనే ఆడేటట్టు, నెలనెలా జీతం తీసుకునేటట్టు కుదిరింది. ఆటకు జీతం అనేది మా పక్క ఎవరూ ఎరగరు. బస్టాండులో ఒకాయన నన్నడిగినాడు, "ఏం పని చేస్తాండావప్పా?"

"హాకీ ఆడతాండా."

"అది సరే. పనేంది?"

ఆయనకైతే ఏదో ఒకటి చెప్పి బస్సెక్కినా. యేసురత్నం సారుకు మాత్రం జవాబు చెప్పక తప్పలేదు. నాది జమ్మలమడుగు మిషన్ కాంపౌండు. సారు మాకు డ్రిల్లు మాస్టరు. ఆయన బిడ్డ సుందరి మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేనూ సుందరీ ఎప్పుడో ఒక మాట అనుకోనుంటిమి. ఈస్టరు పోయినాక ధైర్యం చేసి సారును అడిగినా.

"జీతం ఉండాదా ఆనందయ్యా?"

"ఉండాది సార్."

"ఎన్నాళ్లుంటాది?"

ఆయన కండ్లజోడు తుడుచుకోని అన్నాడు, "నా బిడ్డ ఉండే ఇంట్లో నికరమైన జీతం ఒకటి ఉండాల. ఎగిరేది దుమికేది కాదు. పర్మనెంటయినాక రా."

పోయి మల్లికార్జునయ్యను అడిగితే, "ఈ ఎండాకాలం పోటీల్లో ఆఖరి మ్యాచీ గెలిచి షీల్డు తెండి, అందరినీ పర్మనెంటు చేస్తా. తేలేదంటే టీము రద్దు" అనె. ఇంక చూడు నా అవస్థ. బాల్ నా పక్కకొస్తే నాకు బాల్ కనపడేది కాదు, సుందరి కనపడేది.

ఆడినాము లే, బాగానే ఆడినాము. నా కాళ్లకు ప్యాడ్లు లేకపోతే గోనెసంచిలో పత్తి కూరి కట్టుకుంటిని. పులివెందులలో చెనక్కాయల మిల్లోళ్ల మీద గెలిచినాము. ఆ మైదానం నిండా రాళ్లే. బాల్ మేం కొట్టిన పక్క పోలేదు, రాయి చెప్పిన పక్క పోయె. ఆ పొద్దు రాళ్లు మా పక్క ఉన్యాయి. గెలిచినప్పుడల్లా మల్లికార్జునయ్య ఆటగానికొక ఐసు గడ్డ ఇనామిచ్చె, వడ్ల పొట్టు పోసి గోనెలో చుట్టి. పులివెందుల నుంచి ఇల్లు చేరేలోపల నాకు తడి గోనె మిగిలె.

ఆఖరి మ్యాచీ జమ్మలమడుగులో, మా మిషన్ బడి పాత పిల్లోళ్ల మీద. విజిలు ఊదేది యేసురత్నం సారు. సారుకొక పద్ధతి ఉండె. బాల్ గీత దాటింది లేనిది తనకు కనపడకపోతే గోల్‌కీపర్నే అడుగుతాడు. దాటింటే కీపరు చెయ్యెత్తాల. నాలుగో తరగతి నుంచి మాకు అదే అలవాటు. ప్రొద్దుటూరోళ్లకు చెప్తే కడుపు పట్టుకోని నవ్వినారు.

ఒకటీ ఒకటీ సమానం. ఇంకా రెండు నిమిషాలుండాయి. ఓడితే షీల్డు పోయినట్టే, సమానమైతే రేపు మళ్లీ ఆడొచ్చు. అంతలో గోల్ ముందర అందరూ ఒకరి మీద ఒకరు పడిరి. దుమ్ము లేచింది. బాల్ నా పత్తి ప్యాడుకు తగిలి, నిదానంగా, నన్ను ఎగతాళి చేసినట్టు గీత దాటి లోపలికి పోయింది. నేను మడమతో బయటికి లాగినా. సున్నం గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఎవరూ చూడలేదు.

సారు నడుచుకుంటా వచ్చినాడు. "ఆనందయ్యా, దాటిందా?"

అమీర్ బాషా నా వెనక నిలబడి పండ్లు కొరుకుతాండాడు. "ఎత్తొద్దు. చెయ్యి ఇరగ్గొడతా."

నిజం చెప్తా ఉండా, వేరే ఎవరైనా అడిగింటే దాటలేదని చెప్పి పోయి నీళ్లు తాగుంటిని. అడిగినోడు ఈయన. అబద్ధం చెప్తే పిల్లనిచ్చేది ఈయనే, నిజం చెప్తే ఇయ్యనిదీ ఈయనే. ముసలోడు నాలుగో తరగతిలోనే నా కొంప ముంచినాడని మనసులో తిట్టుకుంటా చెయ్యెత్తినా. నాకు ఏడుపొచ్చింది. సారు గోలని విజిలేసినాడు, షీల్డు పోయింది.

మల్లికార్జునయ్య గొడుగు కింద నుంచి లేచి వచ్చి, "పో, పోయి మీ మిషనోళ్ల దగ్గరే జీతం తీసుకో" అన్నాడు. టీము ఆడనే రద్దయింది. సంబరానికని తెచ్చిన ఐసు గడ్డ ఒకటి బండిలో కరుగుతాండె. ఎత్తుకోని పోతే దండగని నా కాళ్ల ముందర పారేసి పోయినాడు.

నేను దాన్ని గోనెలో చుట్టి నెత్తిన పెట్టుకోని నేరుగా సారు ఇంటికి పోయినా. మెడ మీద నీళ్లు కారతాండాయి. సుందరి డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. ఏమీ అడగలేదు. గడ్డను పగలగొట్టి నిమ్మకాయ నీళ్లు కలిపి ముగ్గురికీ ఇచ్చింది.

సారు సగం తాగి గ్లాసు కింద పెట్టినాడు. "నిజం చెప్పినావు. సంతోషం."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"పని యాడుంది మరి?"

పట్టుకోని కొట్టాలనిపించింది. నేను తల దించుకోని గోనె మడత పెట్టుకుంటాంటే సుందరి అనింది, "ఇంట్లో నికరమైన జీతం ఒకటి ఉండాలంటివి కదా నాయనా. నాది ఉండాది కదా."

సారు కండ్లజోడు తీసి బిడ్డను చూసినాడు. "నీ సంపాదన తింటా వీడు కూచుంటాడా?"

"పని దొరికేదాకా వంట చేస్తాడు."

ఆయన నా పక్క తిరిగినాడు. మైదానంలో అడిగినట్టే అడిగినాడు. "ఆనందయ్యా, నీకు అన్నం వండనొస్తాదా?"

సుందరి ఆయన వెనక నిలబడి, వస్తాదని చెప్పమని నాకు కండ్లతో సైగ చేస్తాంది. నేను చెయ్యెత్తలేదు ఈసారి. రెండు చేతులూ కట్టుకున్నా. "రాదు సార్. ఎసరు ఎంత పెట్టాల్నో కూడా తెల్దు."

పదైదేండ్లుగా ఆయన్ను చూస్తాండా, పండ్లు బయటపెట్టి నవ్వింది ఆ పొద్దే చూసినా. మిగిలిన నిమ్మకాయ నీళ్లు తాగి, బిడ్డతో అన్నాడు, "జూన్‌లో బళ్లు తెరిచేలోపల నేర్పిచ్చు. మిషన్ గుడిలో మీ ఇద్దరి పెండ్లి ప్రకటన చెప్పిస్తా."