నాలుగో పీపా

శనివారం పదకొండు గంటలకి తోట చూసి, వైను రుచి చూసి పోదామని వచ్చేవాళ్ళకి మొరేనా చెప్పే మాటలు ఆరేళ్ళలో ఒక్క ముక్క మారలేదు. కింద నేలమాళిగలో ఎర్రవైను పీపాల మధ్య ఉన్నంతసేపూ చేతులు తిప్పుతూ, మొగుడి మీద ఒకటీ అత్తగారి మీద ఒకటీ చతుర్లు విసురుతూ హాయిగా చెప్పుకుపోయేది. మెట్లెక్కి తీపివైను పీపాలుండే అటక మీదికి వచ్చాక మాత్రం సరిగ్గా ఒక్కచోట మాట తడబడేది. "ఈ అయిదు పీపాల్నీ మా ఇంట్లో వందేళ్ళుగా ఎవరూ కడగలేదండీ" అనాల్సిన చోట.

అబద్ధమాడటం చేతకాని మనిషి వారంవారం అదే అబద్ధం ఆడాల్సిరావడం కంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు. మొరేనా ఆ శిక్షని మూడొందల శనివారాలు అనుభవించింది.

ఆమె పుట్టింది ప్యోంబీనో రేవులో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. అక్కడ గిన్నె గానీ బుట్ట గానీ పడవ గానీ, పొద్దుగూకేలోపు తోమి బోర్లించాల్సిందే. అలాంటి పిల్ల రూఫినా కొండల్లో ద్రాక్షతోటల బల్దుచ్చి వాళ్ళింటికి కోడలుగా వచ్చింది. వచ్చిన తొలి చలికాలంలోనే అత్తగారు అర్జియాకి కడుపులో రాళ్ళని ఆసుపత్రిలో చేర్చారు. మామగారు ఆవిడ మంచం పక్కనే కూర్చుండిపోయాడు. అప్పటికి దూలాలకి వేలాడదీసిన ద్రాక్షగుత్తులు ముడతలు పడటం, వాటిని పిండి, అయిదింటిలో నాలుగు పీపాల్లో రసం పోసి మూసెయ్యడం కూడా అయిపోయింది. మిగిలింది వరసలో నాలుగోది ఒక్కటే. ఎప్పుడూ దాన్నే ఆఖరికి ఎందుకు ఉంచుతారో కొత్తకోడలు అడగలేదు.

"దాన్ని కాస్త సిద్ధం చేసి ఉంచు, సాయంత్రం రసం పోస్తాను" అని చెప్పి మొగుడు లాపో పిండే పనిలోకి పోయాడు.

మొరేనా పీపా మూత ఊడదీసి లోపలికి తొంగిచూసింది. అడుగున జానెడు మందాన నల్లటి మడ్డి. ముక్కుపుటాలు అదిరిపోయే వాసన. ఇంత పేరున్న ఇంట్లో ఇంత మురికా అనుకుంది. అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కోడలి పనితనం తెలియాలనుకుంది కూడా. పీపాని మెట్లమీదుగా పెరట్లోకి దించి, నాలుగు కాగుల వేన్నీళ్ళు పోసి, సోడా వేసి, లోపల గొలుసు పడేసి, చేతులు పడిపోయేదాకా ఊపింది. నీళ్ళు తేటగా వచ్చేవరకూ వదల్లేదు, ఆ తర్వాతే మళ్ళీ పైకి చేర్చింది. సాయంత్రం మసకచీకట్లో లాపో రసం పోశాడు, బిరడా కొట్టాడు, పైన సిమెంటు మెత్తాడు. ఇక ఏడేళ్ళదాకా దాన్ని తాకేవాళ్ళు లేరు.

అత్తగారు ఇంటికొచ్చిన మొదటి శనివారం అతిథులకి ఈ అటక చూపిస్తుంటే మొరేనా వెనక నిలబడి వింది. పీపా అడుగున ఉండేది మురికి కాదు. దాన్ని తల్లి అంటారు. పాలకి తోడు ఎలాగో కొత్తరసానికి అది అలాగ. వైను తీసేసినా తల్లిని కదపరు, దాని మీదే మళ్ళీ కొత్తరసం పోస్తారు. మామగారి నాయనమ్మ జెలిందా తన చేత్తో మొదలుపెట్టిన తల్లి, అయిదు పీపాల్లోనూ అదే. "ఇల్లు తగలబడితే ముందు వీటిని దించి, ఆ తర్వాత మా ఆయన్ని దించుతాను" అని అర్జియా అంటే అందరూ నవ్వారు. మొరేనాకి మాత్రం తను కడిగి పారబోసింది ఏమిటో అప్పుడర్థమైంది.

చెప్పాలనుకుంది. ఆ వారం చెప్పలేదు. ఆ నెల చెప్పలేదు. మూడేళ్ళ కిందట మామగారు పోయినప్పుడు ఇక చెప్పడానికి మొహమే లేకపోయింది. లాపోకి చెబుదామంటే, అతని నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి కాఫీ హోటలంతా పాకిపోతుంది. పోనీ అత్తగారు గయ్యాళి అయినా బాగుండేది. తిట్టిపోస్తే ఒక గొడవ తీరిపోయేది. అర్జియా తిట్టదు. ఒక్క చూపు చూసి ఊరుకుంటుంది. ఆ ఇంట్లో అటక పెత్తనం ఆడవాళ్ళది, పీపాలు తెరిచే ఒక సంవత్సరం చూసుకుని పెద్దావిడ దాన్ని తర్వాతి మనిషికి అప్పగిస్తుంది. ఇంటి తల్లిని కాలవలో పారబోసిన కోడలికి ఎవరు అప్పగిస్తారు?

ఏడేళ్ళూ నిండాయి. ఆ ఫిబ్రవరిలో అత్తాకోడళ్ళిద్దరూ వారం రోజులుగా పీపాలు తెరుస్తున్నారు. ఒకటి, రెండు, మూడు బాగా వచ్చాయి. తర్వాత అర్జియా తిన్నగా అయిదోదాని దగ్గరికి వెళ్ళింది.

"నాలుగోది, అత్తయ్యా?" అంది మొరేనా, అడక్కపోతే బాగుండదని.

"దానికేం తొందర? తర్వాత చూద్దాంలే" అంది అర్జియా అటు తిరిగి.

అత్తగారికి తెలిసిపోయిందని మొరేనాకి అప్పుడే అనుమానం పట్టుకుంది.

ఆ శనివారం వచ్చింది ఆరుగురు. డెన్మార్కు నుంచి నలుగురు, ఎవరేమన్నా నవ్వుతూ తలూపే మంచివాళ్ళు. తక్కిన ఇద్దరూ బెర్గమోలో మందులషాపు నడిపే తిరోనీ అనే ఆవిడా, ఆవిడ సంచీ మోసే భర్తా. తిరోనీ అడిగే ప్రశ్నలకి మొరేనాకి కిందే సగం ప్రాణం పోయింది. పోయినసారి తీసిన తీపివైనుని గుక్క తాగి, నాలుకమీద తిప్పి, ఎన్నాళ్ళదని అడిగి, చిన్నపుస్తకంలో రాసుకుంది. అటక మీదికి రాగానే ఆవిడ చూపు సరిగ్గా పడకూడని చోట పడింది.

"అన్నీ తెరిచారు. మధ్యలో ఇదొక్కటీ మూసే ఉందేం?"

"దానికింకా టైం రాలేదండీ" అంది మొరేనా.

"అన్నీ ఒకే చలికాలం పోశామన్నావుగా ఇందాక?"

అప్పుడే అర్జియా మెట్లెక్కి వచ్చింది, చేతిలో పళ్ళెం. ఉపవాసాలకి ముందొచ్చే పండగ రోజులు కదా, పిండిని పీలికలుగా కోసి నూనెలో వేయించి పంచదార చల్లి తెచ్చింది. ఆ మాట విని పళ్ళెం కిటికీలో పెట్టి, "ఇవాళ కుదరదమ్మా, మేం చంద్రుణ్ణి చూసుకుని తెరుస్తాం" అంది.

"చంద్రుడు తగ్గే రోజులే మంచివని ఈ అమ్మాయే చెప్పింది. పున్నమి వెళ్ళి అయిదు రోజులైందండీ. మా షాపులో క్యాలెండరు చింపేది నేనే."

"గాలి కూడా చూసుకోవాలి."

"ఉత్తరపుగాలి ఉండాలన్నారు, ఉంది. ఆ గాలికే మీ తోటలో నా టోపీ ఎగిరిపోయింది. ఈయన ఇంకా వెతుకుతాడట."

భర్త అవునన్నట్టు తలూపాడు. డెన్మార్కు వాళ్ళు కూడా ఊపారు. అర్జియా మొహం వాడిపోవడం మొరేనా చూసింది గానీ, తన భయంలో ఆ సంగతి ఆలోచించే తీరిక లేకపోయింది.

"సరే, తెరువు" అంది అర్జియా చివరికి. "నా మణికట్టు పనిచెయ్యదు. నువ్వే కొట్టు."

మొరేనా ఉలి, సుత్తి తీసుకుంది. సిమెంటు పెచ్చులుగా ఊడుతుంటే ఒక్కొక్క దెబ్బా తన నెత్తినే పడుతున్నట్టుంది. వెనిగర్ అయిపోయుంటే ఎంత బాగుంటుందో అనుకుంది. పీపాలన్నాక ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. బిరడా టప్పుమని ఊడింది. అర్జియా పొడుగాటి గాజుగొట్టం దించి, వేలు మూసి పైకి లాగి, గ్లాసులో వదిలింది. ఇంటి పెద్ద తాగేదాకా ఇంకెవరూ ముట్టుకోరు.

గ్లాసుని కిటికీ వెలుతురుకి పట్టింది. మిగతా నాలుగూ బెల్లంపాకం రంగులో వచ్చాయి. ఇది పల్చటి తేనెరంగులో ఉంది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఎంతసేపు మూసుకుందో మొరేనాకి తెలియదు, ఆ సేపట్లో తను మనసులో పుట్టింటికి బట్టలు సర్దుకోవడం దాకా వెళ్ళిపోయింది.

"ఇది మా పీపా కాదు" అంది అర్జియా.

"ప్రతి పీపాకీ దాని గుణం దానికుంటుందండీ" అంది మొరేనా అతిథుల వైపు తిరిగి, అలవాటైన మాట. ఆ మాట నోట్లో ఉండగానే అత్తగారి వైపు తిరిగింది. "లేదత్తయ్యా. అది నేను కడిగేశాను. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. మురికనుకున్నాను."

తిరోనీ పెన్ను ఆగింది.

"దేంతో కడిగావు?" అంది అర్జియా.

"వేన్నీళ్ళతో. సోడా వేశాను."

"గొలుసు వేశావా?"

"వేశాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. నీళ్ళు తేటగా వచ్చేదాకా."

అర్జియా బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని ఏడిపించాననుకుంది మొరేనా. మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తయ్యా, నన్ను తిట్టండి" అంది. చేతులు తీసి చూస్తే ఆవిడ నవ్వుతోంది. కళ్ళనీళ్ళు కారేలా, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"ఈ పీపాలోంచి ఇన్నేళ్ళూ ఏం తీశానో తెలుసా నేను?" అంది కాస్త తెరిపిన పడ్డాక. "వెనిగర్. ఆరుసార్లు తెరిచాం, ఆరుసార్లూ వెనిగరే. నేనూ మీ మామయ్యా తలుపు గడియ పెట్టుకుని తెరిచేవాళ్ళం, వాసన బయటికి పొక్కకుండా. ఊళ్ళో వాళ్ళంతా మా ఇంటి సలాడ్ భలే ఉంటుందనేవాళ్ళు. ఎందుకుండదు?"

"మరి పారబొయ్యలేదేం?" అంది తిరోనీ, ఆ ఇంటి మనిషిలాగే.

"ఎవరు పారబోస్తారమ్మా? అడిగినప్పుడల్లా మా ఆయనేమో 'మా నాయనమ్మ చేతిది' అనేవాడు. మా అత్తగారు పోయేముందు నన్ను పిలిచి చెవిలో చెప్పింది, నాలుగోది ఎవరి ముందూ తెరవకు అని. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పింది. నేను ఈ పిల్లకి ఎలా చెప్పాలా అని వారం నుంచీ నిద్రపోలేదు." మొరేనా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "మా ఎవ్వరికీ ధైర్యం చాల్లేదే. ఏమీ తెలియని పిల్ల రావాల్సొచ్చింది. చేపలబుట్ట అనుకున్నావా?"

"అలాగే అనుకున్నానత్తయ్యా."

"ఏడేళ్ళు నోరు విప్పలేదు చూడు, దానికి మాత్రం తిట్లున్నాయి. వీళ్ళు వెళ్ళాక."

"మీరు నలభై రెండేళ్ళు విప్పలేదుగా."

అర్జియా ఒక్క చూపు చూసింది. ఆ చూపంటే మొరేనాకి ఏడేళ్ళుగా భయం. ఇప్పుడు దానివెంట నవ్వు కూడా వచ్చింది. మొరేనాకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది, సంతోషం పట్టలేక, ఇన్నాళ్ళ బరువు దిగిపోయి. అందరి ముందే ముక్కు చీదుకుంటూ గ్లాసులు నింపింది.

చల్లగా, తేలిగ్గా ఉంది ఆ వైను. మిగతావాటిలా ఎండిన నేరేటిపండు కాదు, అత్తిపండూ కాదు, నారింజతొక్క వాసన. చివర్లో ఉప్పగా ఏదో తగులుతుందని తిరోనీ భర్త అన్నాడు. ఆ పూటకి ఆయన నోరు విప్పింది అదొక్కసారే, భార్య దాన్ని కూడా రాసుకుంది. డెన్మార్కు వాళ్ళు పళ్ళెం ఖాళీ చేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూశారు.

"ఇది నాకు ఆరు సీసాలు కావాలి" అంది తిరోనీ.

"ఇది అమ్మంలెండి" అంది అర్జియా. "ఇంట్లోకి. మీకు ఇంకో గ్లాసు పోస్తాను, కూర్చోండి."

"మరి వచ్చే శనివారం జనానికి ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతుంది. నాలుగు పీపాలు జెలిందావి, ఒకటి మొరేనాది."

అతిథులు కబుర్లు చెప్పుకుంటూ కిందికి దిగారు. టోపీ వెతకడానికి లాపో సాయం వెళ్ళాడని పెరట్లోంచి కేకలు వినిపించాయి. అటక మీద ఇద్దరే మిగిలారు. మర్నాడు కొత్తరసం పొయ్యాలి, వైను తీసేసిన నాలుగు పీపాలూ అడుగున తల్లితో ఎదురుచూస్తున్నాయి.

నాలుగోదాన్ని కూడా ఖాళీ చేశాక అర్జియా లోపలికి దీపం దించమంది. అడుగున వేలెడు మందాన లేత గోధుమరంగు మడ్డి పేరుకుని ఉంది, ఏడేళ్ళలో పుట్టిన కొత్త తల్లి.

"గరిటె తే" అంది అర్జియా. "ఇందులోంచి మిగతావాటికి తలో గరిటె వెయ్యి."

మొరేనాకి సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "జెలిందా గారి వాటిలోనా, అత్తయ్యా?"

"ఆవిడేమీ అనదు. అంటే నేను చూసుకుంటాను. మొదటిదాంట్లో మాత్రం అరగరిటె చాలు, దానికి మరీ బెట్టు."

"మీరే వెయ్యండి. ఇంటి పెద్ద చెయ్యాల్సిన పని."

"అందుకే నిన్ను వెయ్యమంటున్నాను."

మొరేనా గరిటె ముంచింది. మొదటి పీపాకి అరగరిటె వేసింది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి గరిటె అంచు నుంచి ఒక చుక్క చెక్క మీద పడింది.

"ఒలకబొయ్యకే" అంది అర్జియా, ఆ చుక్కని వేలితో తుడిచి లోపలికి రాలుస్తూ. "నీ తర్వాత వచ్చేదానికి ఏమిస్తావు?"